దుబాయ్ నుంచి దోహాకు: 378 కిలోమీటర్లు, 14 గంటలు

మా తమ్ముడు 2016 ఆగస్టులో దోహాకు ఉద్యోగానికి బయలుదేరిన రోజు నేను సెలవు మీద ఊళ్ళోనే ఉన్నాను. దేవరకద్ర దగ్గర ఉన్న మా పల్లె నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్ళవలసిన కారు గేటు ముందు ఆగి ఉంది. అప్పటికే నేను దుబాయ్‌లో ఒక గోదాములో లెక్కలు రాసే పనిలో ఆరేళ్ళుగా ఉన్నాను. "ఇద్దరు కొడుకులు చెరొక దేశంల పడ్తిరి" అంటూ మా అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటుంటే, ఆమెకు ధైర్యం కలగాలని నేనొక మాట అన్నాను. "దుబాయ్‌కీ దోహాకూ నడుమ మన పాలమూరు నుంచి బెజవాడకు ఉన్నంత దూరమే అమ్మా. విమానంల గంట సేపు. వాడు రమ్మంటే పొద్దుగాల బయలెల్లి బువ్వ యాళ్లకు వాని కాడ ఉంట."

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. దుబాయ్ అంతర్జాతీయ విమానాశ్రయానికీ దోహాలోని హమద్ విమానాశ్రయానికీ మధ్య సూటి దూరం దాదాపు 378 కిలోమీటర్లు. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్‌కు 100, అక్కడి నుంచి విజయవాడకు 275 కిలోమీటర్ల రోడ్డు కలిపి చూసుకుంటే ఇంచుమించు అంతే వస్తుంది. రెండు విమానాశ్రయాలూ 25 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కొంచెం పైన, దాదాపు ఒకే గీత మీద ఉన్నాయి కనుక, పటం మీద స్కేలు అడ్డంగా పెట్టి తూర్పు నుంచి పడమరకు గీత గీస్తే చాలు, దారి తెలిసిపోతుంది. విమానం గాలిలో ఉండేది గంట లోపే. నేలమీద నడిచే సమయం కూడా కలిపి టికెట్టు మీద గంటా పది, గంటా పదిహేను నిమిషాలని వేస్తారు. ఆ రోజుల్లో ఈ రెండు ఊళ్ళ మధ్య పొద్దుటి నుంచి అర్ధరాత్రి వరకు విమానాలు తిరుగుతూనే ఉండేవి.

తర్వాత పది నెలలకే నా మాట చెల్లకుండా పోయింది. 2017 జూన్ 5న సౌదీ అరేబియా, దుబాయ్ ఉన్న ఎమిరేట్స్ దేశం, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి, దోహా రాజధానిగా ఉన్న ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. మర్నాటి నుంచి దుబాయ్, దోహాల మధ్య ఒక్క విమానం కూడా లేదు. ఖతార్‌కు నేల సరిహద్దు ఉన్న ఒకే ఒక్క దేశం సౌదీ కాబట్టి, ఆ గేటు కూడా మూతపడటంతో రోడ్డు దారీ పోయింది. దుబాయ్ నుంచి తపాలా సేవ సైతం ఆగిపోయింది. అప్పుడు రంజాన్ నెల నడుస్తోంది. ఖతార్ పట్ల సానుభూతి చూపుతూ రాసినా మాట్లాడినా మూడు నుంచి పదిహేనేళ్ళ జైలు, ఐదు లక్షల దిర్హముల జరిమానా ఉంటాయని ఎమిరేట్స్ అటార్నీ జనరల్ ప్రకటించినట్లు పేపర్లలో వచ్చిన నాటి నుంచి, మా గోదాములో దోహా అనే పేరును గట్టిగా పలకడానికే అందరూ జంకేవారు. తమ్ముడితో ఫోన్‌లో మాట్లాడవలసి వస్తే నేను గదిలోంచి బయటికి వచ్చి, "అక్కడ ఎట్లుంది" అని మాత్రమే అడిగేవాడిని. ఊరి పేరు ఎత్తేవాడిని కాను.

అమ్మకు ఇదంతా విడమరచి చెప్పలేదు. విమానాలు తగ్గాయని మాత్రం చెప్పాను.

2018 నవంబరులో ఒక బుధవారం రాత్రి పదకొండు దాటాక తమ్ముడి గదిలో ఉండే నిజామాబాద్ అబ్బాయి ఫోన్ చేశాడు. రెండు రోజులుగా కడుపునొప్పి అంటూనే తమ్ముడు డ్యూటీకి పోయాడట, ఆ సాయంత్రం కుప్పకూలితే ఆసుపత్రికి తీసుకుపోయారట. అపెండిక్స్ పగిలిందని, రాత్రికి రాత్రే ఆపరేషన్ చేస్తామని డాక్టర్లు చెప్పారని అన్నాడు. "అన్నా, నువ్వు పక్కనే ఉన్నవు గదా, రాగలుగుతవా?" అని అడిగాడు. అర్ధగంటకు ఊరి నుంచి నాయిన కూడా ఫోన్ చేసి అచ్చంగా అదే మాట అన్నాడు: "పక్కనే ఉన్నవు గద బిడ్డా, పోయి చూసి రా."

ఇద్దరూ అన్న ఆ "పక్కనే" అన్న మాటకు ఎంత సమయం పడుతుందో నాకు మర్నాటి నుంచి ఒక్కొక్క మెట్టూ ఎక్కుతుంటే తెలిసివచ్చింది. గల్ఫ్‌లో రెండు దేశాలలో పిల్లలున్న ఇళ్ళు మా పాలమూరులోనూ నల్లగొండలోనూ చాలా ఉన్నాయి కనుక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటిది వీసా. ఈ విషయంలో నా అదృష్టం బాగుంది. నిషేధం పెట్టిన రెండు నెలలకు, 2017 ఆగస్టులో, ఖతార్ ప్రభుత్వం 80 దేశాల వారికి ముందస్తు వీసా అక్కరలేదని ప్రకటించింది, అందులో భారతదేశం పేరు కూడా ఉంది. కనీసం ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు, తిరుగు టికెట్టు ఉంటే దిగిన చోటనే 30 రోజులకు ముద్ర వేసేవారు. ఆ రోజుల్లో ఉన్న నియమం అది. ఇవి మారుతూ ఉంటాయి, కనుక బయలుదేరే వారంలోనే ఎవరికి వారు చూసుకోవాలి. నా పాస్‌పోర్టుకు ఇంకా పదకొండు నెలల గడువు ఉంది. ఆ గురువారం ఉదయం మొదట తీసి చూసింది ఆ పేజీనే.

రెండవది దారి. నేరుగా లేదు కనుక కువైట్ మీదుగానో, మస్కట్ మీదుగానో పోవాలి. ఈ రెండు దేశాలూ నిషేధంలో చేరలేదు, అందుకని అక్కడి నుంచి రెండు వైపులకూ విమానాలు నడుస్తున్నాయి. మస్కట్ దుబాయ్‌కి ఆగ్నేయంగా దాదాపు 350 కిలోమీటర్లు, దోహా పడమరన ఉంది. అంటే పడమటికి పోవలసిన మనిషి మొదట తూర్పుకు పోయి, అక్కడి నుంచి 700 కిలోమీటర్లు వెనక్కి రావాలి. సూటి దూరాలు కలిపితేనే 1,050 కిలోమీటర్లు, అసలు దూరానికి దాదాపు మూడింతలు.

మూడవది టికెట్టు, తప్పు జరిగింది ఇక్కడే. దుబాయ్‌లోని దేరాలో ఒక ట్రావెల్స్ దుకాణానికి పోయి అడిగితే, శుక్రవారం పొద్దుటికి టికెట్టు ఉందని, ఒకే టికెట్టు మీద అయితే ధర ఎక్కువ కాబట్టి రెండు కంపెనీల మీద విడివిడిగా తీసిస్తానని అక్కడి మనిషి చెప్పాడు. దుబాయ్‌లో ఏడున్నరకు బయలుదేరి ఎనిమిదీ నలభైకి మస్కట్ చేరాలి. అక్కడ తొమ్మిదీ యాభై ఐదుకు దోహా విమానం. నడుమ గంటా పదిహేను నిమిషాలు ఉన్నాయి కదా, సరిపోతుందన్నాడు. నేను తలూపి డబ్బు కట్టాను. రోజూ లెక్కలు రాసే మనిషినే అయినా ఆ లెక్కను మళ్ళీ వేసి చూసుకోలేదు. నా బుద్ధి అంతా ఆసుపత్రి మీదే ఉంది. ఆపరేషన్ అయిందని, తమ్ముడు ఇంకా కళ్ళు తెరవలేదని అప్పుడే కబురు వచ్చింది.

ఆ గంటా పదిహేను నిమిషాలలో నిజంగా నా చేతిలో ఉన్నవి పదిహేను నిమిషాలే. అంతర్జాతీయ విమానానికి చెక్-ఇన్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు. రెండు టికెట్లూ వేరువేరు కనుక రెండవ విమానం బోర్డింగ్ పాస్ దుబాయ్‌లో ఇవ్వరు, మస్కట్‌లోని ట్రాన్స్‌ఫర్ కౌంటర్‌లో తీసుకోవాలి. అంటే ఎనిమిదీ నలభైకి దిగితే ఎనిమిదీ యాభై ఐదు లోపల కౌంటర్ ముందు నిలబడాలి. అదే రెండు ప్రయాణాలూ ఒకే టికెట్టు మీద, ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే, బోర్డింగ్ పాసులు రెండూ ముందే చేతికి వస్తాయి, మొదటి విమానం ఆలస్యమైతే తర్వాతి విమానంలో సీటు చూపే బాధ్యత కూడా కంపెనీదే అవుతుంది. దుకాణంలో నాకు మిగిలాయని చెప్పిన రెండు వందల దిర్హములలో ఈ బాధ్యత ధర కూడా ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఒక్క మేలు మాత్రం జరిగింది. మా ఆఫీసులో పనిచేసే ఒక మలయాళీ పెద్దాయన, పెట్టె బుక్ చేయవద్దని, చేతి సంచీతోనే పొమ్మని చెప్పాడు. టికెట్లు వేరైతే పెట్టెను మస్కట్‌లో బయటికి పోయి తెచ్చుకోవలసి వస్తుందని, దానికి ఒమన్ వీసా కావాలని, అది నా దగ్గర లేదని ఆయనకు తెలుసు. రెండు జతల బట్టలు, ఒక తువ్వాలు, అమ్మ పంపిన కరివేపాకు పొడి డబ్బా, అంతే నా సంచీ.

శుక్రవారం తెల్లవారుజామున నాలుగు గంటలకు అల్ కూజ్‌లోని గది నుంచి టాక్సీలో బయలుదేరాను. విమానం నలభై నిమిషాలు ఆలస్యంగా కదిలింది. ఏదో అనుమతి కోసం ఎదురుచూస్తున్నామని ప్రకటించారు. నేను గడియారం వైపే చూస్తూ కూర్చున్నాను. కిటికీ పక్కన ఉన్నా, హజర్ కొండలు దాటుతున్నప్పుడు కింద ఏముందో చూశానని చెప్పలేను. మస్కట్‌లో చక్రాలు నేలకు తాకేసరికి తొమ్మిదీ ఇరవై. ఆ ఏడాది మార్చిలోనే తెరిచిన కొత్త టెర్మినల్ అది, చాలా పెద్దది. సంచీ భుజాన వేసుకుని పరుగెత్తి ట్రాన్స్‌ఫర్ కౌంటర్ దగ్గరికి చేరేసరికి తొమ్మిదీ నలభై. కౌంటర్‌లోని అమ్మాయి నా కాగితం చూసి, విమానం తలుపులు మూసేశారని మర్యాదగానే చెప్పింది. మొదటి టికెట్టుకూ తమకూ సంబంధం లేదు కనుక కొత్త టికెట్టు కొనుక్కోవాలని, తర్వాతి విమానం మధ్యాహ్నం మూడూ పదికి ఉందని అంది. ఆమె చెప్పినదానిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

కార్డులో ఉన్న డబ్బుతో టికెట్టు కొన్నాను. తర్వాత ఫోన్ చేస్తే నిజామాబాద్ అబ్బాయి ఎత్తి, తమ్ముడు కళ్ళు తెరిచాడని, "మా అన్న వచ్చిండా" అని అడిగాడని చెప్పాడు. నేను ఇంకా మస్కట్‌లోనే ఉన్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. దారిలో ఉన్నానన్నాను.

ఆ ఐదున్నర గంటలు ఎట్లా గడిచాయో వివరించడానికి పెద్దగా ఏమీ లేదు. టీ తాగాను, నమాజు గదికి పోయేవాళ్ళ చెప్పుల వరుసలు చూశాను. నా మాట యాస విని కల్వకుర్తి వైపు ఆయన ఒకరు పక్కన వచ్చి కూర్చున్నారు. దోహాలో పదిహేనేళ్ళుగా డ్రైవరుగా పనిచేస్తున్నారట, దుబాయ్‌లో ఉన్న అల్లుణ్ణి చూడడానికి నా దారినే ఎదురుగా పోతున్నారు. పాత రోజుల్లో సేఠ్ కుటుంబాన్ని కారులో దుబాయ్ తీసుకుపోయేవారట. "అబూ సమ్రా గేటు దాటి సౌదీల కొంత దూరం పోయి, మల్ల ఎమిరేట్స్ గేటు. పొద్దుగాల బయలెల్లితే అసర్ నమాజు యాళ్లకు దుబాయ్‌ల ఉంటుంటిమి తమ్మీ" అన్నారు. పటంలో ఖతార్, ఎమిరేట్స్ ఒకదానికొకటి ఆనుకున్నట్టే కనిపిస్తాయి గానీ, వాటి నడుమ సౌదీ నేల ఒక పట్టీలా సముద్రం దాకా వచ్చి ఉంటుంది. అందువల్ల రోడ్డు మీద ఈ రెండు దేశాలు ఎన్నడూ నేరుగా కలవవు, మూడవ దేశం గేట్లు దాటవలసిందే. ఆ సంగతి నాకు అంతవరకు తెలియదు.

మూడూ పదికి విమానం కదిలింది. అది ఖతార్‌లో రిజిస్టరైన విమానం. అటువంటి విమానాలకు ఎమిరేట్స్, సౌదీ, బహ్రెయిన్ గగనతలంలో ప్రవేశం లేకపోవడంతో అవి ఇరాన్ మీదుగా తిరిగి పోతుండేవి. సీటు ముందున్న తెరమీద పటం తెరుచుకుని, చూపు పక్కకు తిప్పకుండా అదే చూస్తూ కూర్చున్నాను. బొమ్మ విమానం మస్కట్ నుంచి పడమరకు తిరగకుండా వాయవ్యంగా సముద్రం మీదుగా పోయి ఇరాన్ తీరం మీదికి ఎక్కింది. బందర్ అబ్బాస్ అన్న పేరు వచ్చింది. దానికి కింద, నీలం రంగు సముద్రానికి అవతలి ఒడ్డున, దుబాయ్ అన్న పేరు కనిపించింది. పొద్దున నాలుగు గంటలకు నేను తాళం వేసి వచ్చిన గది ఆ చుక్క కిందనే ఉంది. పన్నెండు గంటలు ప్రయాణం చేసి, మూడు దేశాల ఆకాశాలు చూసి, నేను మళ్ళీ దుబాయ్ ఎదురుగానే, సముద్రానికి ఆవలి గట్టు మీద ఉన్నాను. నా జీవితంలో దూరం అన్న మాట నాకు అంత స్పష్టంగా కనిపించింది ఆ ఒక్క క్షణంలోనే. పక్క సీటాయన నా ముఖం చూసి, మంచినీళ్ళు కావాలా అని హిందీలో అడిగాడు.

విమానం ఇరాన్ తీరం వెంట పడమరకు పోయి, తర్వాత ఎడమకు తిరిగి సముద్రం దాటి దోహాలో దిగింది. నా గడియారంలో ఐదు, అక్కడి గోడ గడియారంలో నాలుగు. ఇమిగ్రేషన్ అధికారి తిరుగు టికెట్టు చూపమన్నాడు, చూపాను, ముద్ర పడింది. పెట్టె లేదు కనుక నేరుగా బయటికి వచ్చాను. ఆసుపత్రి వార్డులో అడుగుపెట్టేసరికి దోహాలో సాయంత్రం ఐదు, అంటే దుబాయ్‌లో ఆరు. గది తలుపు నుంచి మంచం దాకా పద్నాలుగు గంటలు.

తమ్ముడు నిద్రలో ఉన్నాడు. ముక్కుకు గొట్టం, పొట్ట పక్క నుంచి ఇంకొక గొట్టం, పెదవులు ఎండిపోయి తెల్లగా పొలుసులు కట్టి ఉన్నాయి. చేతికి కట్టిన ప్లాస్టిక్ పట్టీ మీద మా నాయిన పేరు కూడా ఇంగ్లీషు అక్షరాలలో రాసి ఉంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాక ఆ పేరునే మళ్ళీ మళ్ళీ చదివాను. చాలాసేపటికి వాడు కళ్ళు తెరిచి, "గంటసేపే అన్నవు గదనే" అన్నాడు. వాడు నిష్ఠూరానికి అన్నాడో, తెలివి పూర్తిగా రాక అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. నేను అడగలేదు.

ఆదివారం వరకు ఉన్నాను. తిరుగు టికెట్టు కూడా ఆ దుకాణంలోనే రెండు ముక్కలుగా తీసినదే. శనివారం దాన్ని రద్దు చేసి, పోయిన డబ్బు పోనీ అనుకుని, దోహాలోనే ఒకే టికెట్టు మీద మస్కట్ మీదుగా తీసుకున్నాను. రెండు బోర్డింగ్ పాసులూ ఒకేసారి చేతికి వచ్చాయి. ఏ ఇబ్బందీ లేకుండా ఏడు గంటలలో నా గదిలో ఉన్నాను.

సౌదీలోని అల్ ఉలాలో 2021 జనవరి 5న ఈ దేశాల మధ్య రాజీ ఒప్పందం మీద సంతకాలయ్యాయి, ఆ నెల పూర్తయ్యేలోపే దుబాయ్, దోహాల మధ్య విమానాలు మళ్ళీ మొదలయ్యాయి. కానీ అప్పుడు కరోనా, క్వారంటైన్ నియమాలు. నేను నేరుగా పోగలిగింది 2023 ఫిబ్రవరిలోనే.

దానికి కూడా రోజు కుదరడం అనుకున్నంత తేలిక కాలేదు. 2022 జనవరి నుంచి ఎమిరేట్స్‌లో వారాంతపు సెలవు శని, ఆదివారాలకు మారింది, ఖతార్‌లో మాత్రం శుక్ర, శనివారాలే. ఇద్దరికీ కలిసి వచ్చేది శనివారం ఒక్కటే. పొద్దున పోయి రాత్రికి వచ్చేటట్టు టికెట్టు తీసుకున్నాను, నేరుగా, ఒకే టికెట్టు మీద. దాని మీద ఎనిమిది గంటలకు దుబాయ్‌లో బయలుదేరి, ఎనిమిదీ పదిహేనుకు దోహా చేరుతుందని ఉంది. తిరుగు ప్రయాణం రాత్రి తొమ్మిదికి బయలుదేరి, పదకొండూ పదికి దుబాయ్. చూసినవారికి పోవడానికి పావుగంట, రావడానికి రెండు గంటల పైచిలుకు పడుతుందని తోస్తుంది. దుబాయ్ గడియారం దోహా కంటే గంట ముందుండటమే కారణం. నిజానికి ఈ రెండు ఊళ్ళ మధ్య రేఖాంశంలో తేడా మూడు డిగ్రీల ముప్పాతిక మాత్రమే. గంటకు పదిహేను డిగ్రీల లెక్కన సూర్యుడు ఆ దూరం దాటడానికి పట్టేది పావుగంట. గడియారాలు మాత్రం ఒక గంట తేడా చూపుతాయి. టికెట్టు మీద ఎప్పుడూ ఏ ఊరి సమయం ఆ ఊరికి వేస్తారు కనుక, ఎవరినైనా విమానాశ్రయానికి ఎదురు రమ్మని చెప్పేటప్పుడు దిగే ఊరి గంటే చెప్పాలి.

ఆ శనివారం ఐదున్నరకు గది నుంచి బయలుదేరాను. విమానం లేచి సముద్రం మీదికి వచ్చాక, కుడివైపు కిటికీలోంచి చాలాసేపు చూశాను. ఇరాన్ తీరం కనిపించలేదు, పలుచటి మంచు పొర మాత్రం ఉంది. ఇచ్చిన నీళ్ళ గ్లాసు పూర్తి కాకముందే బెల్టు పెట్టుకోమని ప్రకటించారు. బయట తమ్ముడు నిలబడి ఉన్నాడు, కొంచెం లావయ్యాడు. వాని గదికి చేరేసరికి అక్కడి సమయం తొమ్మిదీ ముప్పావు. నా గది నుంచి వాని గదికి ఐదుంపావు గంటలు.

వాడు అప్పటికే పప్పు నానబెట్టి ఉంచాడు. ఇద్దరం కలిసి వండాము. పన్నెండున్నరకు పళ్ళేలు ముందు పెట్టుకుని కూర్చుని అమ్మకు వీడియో కాల్ చేశాము. మా ఊళ్ళో అప్పుడు మూడు గంటలు. అమ్మ ఇద్దరినీ ఒకే తెరమీద చూసి కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత, "గిప్పుడా తినుడు?" అని అడిగింది. "ఈడ ఇప్పుడే బువ్వ యాళ్ల అయిందమ్మా" అన్నాను.